గెయిన్ సంగతి తర్వాత, ముందు బయాస్ ఎంతుందో చూడండి

మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇది. సిమెంట్ ప్లాంట్‌లో ఐడీ ఫ్యాన్, అంటే వాయువుల్ని బయటికి లాగే పెద్ద ఫ్యాన్, మోటార్ 990 ఆర్‌పీఎం. జి (భూమి గురుత్వ త్వరణం) ఒక్కింటికి 100 మిల్లీవోల్టులు ఇచ్చే ఐఈపీఈ యాక్సెలరోమీటర్లు, అంటే లోపలే ఎలక్ట్రానిక్స్ ఉన్న వైబ్రేషన్ సెన్సర్లు, నాలుగు కొన్నారు. మొదట వాటిని నేరుగా, సిగ్నల్‌ని కంప్యూటర్‌లోకి ఎక్కించే డేటా కార్డుకి పెడితే సున్నా గీత తప్ప ఏమీ రాలేదు. తర్వాత స్టోర్స్‌లో ఒక పాత సిగ్నల్ కండిషనర్ (ఆంప్లిఫయర్ పెట్టె) దొరికితే మధ్యలో పెట్టారు. సిగ్నల్ మరీ చిన్నగా ఉందని గెయిన్, అంటే సిగ్నల్‌ని ఎన్ని రెట్లు పెంచాలన్నది, 100కి తిప్పారు. ఇప్పుడు వెలాసిటీ సెకనుకి 14 మిల్లీమీటర్లు వస్తోంది. స్పెక్ట్రమ్‌లో, అంటే ఏ ఫ్రీక్వెన్సీ దగ్గర ఎంత వైబ్రేషన్ ఉందో చూపే గ్రాఫ్‌లో, ఎడమ చివర 1 నుంచి 3 హెర్ట్జ్ దాకా ఒక కొండ, 50 దగ్గర సూదిలాంటి పీక్. చేతి వైబ్రేషన్ మీటర్ పెడితే మాత్రం 3.2 అంటోంది. దీనికి ఇంకా మంచి ఆంప్లిఫయర్ ఏది కొనాలి అని అడిగారు.

ఇప్పుడే ఏదీ కొనకండి. చేతి మీటరే నిజం చెబుతోందని నా అనుమానం. గట్టి పునాది మీద ఉన్న 300 కిలోవాట్లు దాటిన యంత్రానికి 7.1 దాటితేనే డి జోన్ (ఐఎస్ఓ ప్రమాణంలో యంత్రం దెబ్బతినే స్థాయి), అనువైన పునాది అయితే 11. నిజంగా 14 ఉంటే మీరు ఇక్కడ ప్రశ్న టైప్ చేస్తూ కూర్చునేవారు కాదు, ఫ్యాన్ ఎప్పుడో ట్రిప్ అయ్యుండేది.

అసలు ఆంప్లిఫయర్ అనే పేరే మనల్ని తప్పుదారి పట్టిస్తుంది. పేరు వినగానే చెయ్యి గెయిన్ నాబ్ మీదకి పోతుంది. నేనూ మొదటి రెండేళ్లు అదే చేశాను. ఆ పెట్టె మొదటి పని సెన్సర్‌కి కరెంటు ఇవ్వడం. రెండో పని, సెన్సర్ ఇచ్చినదాన్ని పాడుచెయ్యకుండా కార్డు దాకా చేర్చడం. పెంచడం ఆఖరి పని, చాలాసార్లు దాని అవసరమే రాదు.

నేరుగా పెడితే సున్నా ఎందుకొచ్చిందో ఇప్పుడు తెలుస్తుంది. ఐఈపీఈ సెన్సర్ లోపల పీజో స్ఫటికంతో పాటు ఒక చిన్న ఎలక్ట్రానిక్ సర్క్యూట్ ఉంటుంది. దానికి కరెంటు కావాలి. విడిగా పవర్ వైర్లు ఉండవు, ఉన్న ఆ రెండు తీగల మీదే కరెంటు పోవాలి, వాటి మీదే సిగ్నల్ రావాలి. అందుకే కండిషనర్ సుమారు 24 వోల్టుల సప్లై నుంచి 2 మొదలు 20 మిల్లీయాంప్‌ల మధ్య ఒక స్థిరమైన కరెంటుని తీగలోకి తోస్తుంది, సాధారణంగా 4. ఆ కరెంటు పారుతున్నప్పుడు సెన్సర్ తన దగ్గర ఒక డీసీ వోల్టేజ్‌ని నిలబెట్టుకుంటుంది. ఎక్కువ సెన్సర్లలో అది 8 నుంచి 14 లోపు, మామూలుగా 10, 12 ప్రాంతంలో ఉంటుంది. దాన్నే బయాస్ అంటాం. వైబ్రేషన్ ఆ బయాస్ మీద పైకీ కిందకీ ఊగుతుంది. కండిషనర్‌లో ఒక కెపాసిటర్ ఆ డీసీని ఆపేసి ఊగే భాగాన్ని మాత్రమే బయటికి పంపిస్తుంది.

కాబట్టి రేపు ప్లాంట్‌కి వెళ్లగానే చెయ్యాల్సిన మొదటి పని మల్టీమీటర్ తీసుకోవడం. కండిషనర్ ఇన్‌పుట్ దగ్గర ఒక బీఎన్‌సీ టీ కనెక్టర్ (కేబుల్‌ని రెండు దారులుగా చీల్చేది) పెట్టి, సెన్సర్ తగిలించే ఉంచి, మధ్య పిన్‌కీ బయటి షెల్‌కీ మధ్య డీసీ చూడండి. 11 వోల్టుల దగ్గర ఉంటే సెన్సర్, కేబుల్, సప్లై మూడూ కనీసం బతికే ఉన్నాయి. సున్నా ఉంటే ఎక్కడో షార్ట్, ఎక్కువగా జంక్షన్ బాక్స్‌లోనో, కనెక్టర్ క్రింప్ దగ్గరో. సప్లై ఎంతుందో అంతే, అంటే 23, 24 చూపిస్తే కేబుల్ తెగింది లేదా సెన్సర్ తగల్లేదు. 3, 5 లాంటి అడ్డదిడ్డమైన అంకె వస్తే లోపలి సర్క్యూట్ దెబ్బతినుండొచ్చు, లేదా కనెక్టర్‌లోకి నీళ్లు దిగుండొచ్చు. అంకె నిలకడగా ఉండక నెమ్మదిగా ఊగుతుంటే తేమ గానీ వేడి గానీ కారణం. ఒక నిమిషం పని ఇది. దీన్ని చూడకుండా గెయిన్ గురించి మాట్లాడుకోవడం ఆలు లేదు చూలు లేదు కొడుకు పేరు సోమలింగం అన్నట్టే.

మీటర్ అంటే గుర్తొచ్చింది, మెగ్గర్, అంటే ఎక్కువ వోల్టేజ్‌తో ఇన్సులేషన్ పరీక్షించే మీటర్, మాత్రం వాడకండి. ఒక చక్కెర ఫ్యాక్టరీలో షట్‌డౌన్ అయ్యాక వెళ్తే పన్నెండు చానెళ్లలో తొమ్మిది చచ్చిపోయి ఉన్నాయి. షట్‌డౌన్‌కి ముందు రోజు అన్నీ బాగున్నట్టు నా నోట్‌బుక్‌లోనే రాసి ఉంది. ఆరా తీస్తే, ఎలక్ట్రికల్ కుర్రాడు ఒకతను కేబుళ్ల ఇన్సులేషన్ చూడాలని ప్యానెల్ దగ్గర కూర్చుని ఒక్కో జతకీ 500 వోల్టుల మెగ్గర్ శ్రద్ధగా తిప్పాడు. అవతలి చివర సెన్సర్లు తగిలించే ఉన్నాయని ఎవరూ చెప్పలేదు. టీ తాగడానికి పిలిచారు కాబట్టి తొమ్మిదితో ఆగాడు, లేకపోతే పన్నెండూ పోయేవి. అప్పటి నుంచి జంక్షన్ బాక్స్ మూత లోపల ఎర్ర పెయింట్‌తో రాయిస్తున్నాను: సెన్సర్ విప్పకుండా మెగ్గర్ వద్దు.

ఇక గెయిన్. మీ అంకెలతోనే లెక్క వేద్దాం. 990 ఆర్‌పీఎం అంటే 16.5 హెర్ట్జ్. ఆ ఫ్రీక్వెన్సీ దగ్గర 3.2 మిల్లీమీటర్ల వెలాసిటీ ఉందంటే, దాన్ని 6.28తోనూ 16.5తోనూ గుణిస్తే యాక్సిలరేషన్ 332 మిల్లీమీటర్లు వస్తుంది, అంటే 0.034 జి. మీ సెన్సర్ దానికి 3.4 మిల్లీవోల్టులు ఇస్తుంది. చిన్నగా ఉందని మీకు అనిపించింది ఇదే. నిజమే, చిన్నదే. కానీ అదే తీగ మీద బేరింగ్ నుంచి, బ్లేడ్ల నుంచి వచ్చే పై ఫ్రీక్వెన్సీలు కూడా ఉంటాయి. అలాంటి ఫ్యాన్ హౌసింగ్ మీద టైమ్ వేవ్‌ఫామ్‌లో 3 జి పీకులు కనపడటం పెద్ద వింతేం కాదు. 3 జి అంటే 300 మిల్లీవోల్టులు. దాన్ని 100తో గుణిస్తే 30 వోల్టులు. మీ పాత పెట్టె అవుట్‌పుట్ బహుశా 10 వోల్టులు దాటి వెళ్లలేదు. మిగతా 20 వోల్టుల సిగ్నల్ తల తెగిపోయింది.

తల తెగితే పై ఫ్రీక్వెన్సీ ఒక్కటే పాడవుతుంది, కింద ఉన్న 16.5కి ఏమవుతుందిలే అనుకుంటాం. అక్కడే దెబ్బ తింటాం. సిగ్నల్ తెగిన ప్రతిసారీ లోపలి కెపాసిటర్ల మీద చార్జ్ అటో ఇటో ఒరిగిపోయి, మళ్లీ మధ్యకి రావడానికి సమయం తీసుకుంటుంది. ఈలోపు ఇంకో పీక్ వచ్చి మళ్లీ నెడుతుంది. బేస్‌లైన్ ఉయ్యాలలా నెమ్మదిగా ఊగుతుంది. ఆ ఊపు 1, 2, 3 హెర్ట్జ్‌లో పడుతుంది. ఇప్పుడు దాన్ని మీ సాఫ్ట్‌వేర్ వెలాసిటీగా మారుస్తుంది, అంటే ఫ్రీక్వెన్సీతో భాగిస్తుంది. ఒకటితో భాగించడానికీ పదహారుతో భాగించడానికీ ఎంత తేడానో చూడండి. 1 హెర్ట్జ్ దగ్గర సెకనుకి 1 మిల్లీమీటర్ చూపించడానికి 0.00064 జి చాలు, సెన్సర్ వైపు లెక్కేస్తే 0.064 మిల్లీవోల్టులు. ఇలాంటి అంకెల్ని నేరుగా కాదు, వర్గాలు చేసి తీసెయ్యాలి కాబట్టి మీ 14లో దాదాపు 13.6 ఆ కొండదే. ఆ మొత్తం కొండ 1 హెర్ట్జ్ దగ్గరే ఉందనుకున్నా సెన్సర్ దగ్గర ఒక్క మిల్లీవోల్ట్ కూడా కాదు. ఈ కొండని స్కీ స్లోప్ అంటారు. మంచు మీద జారడం మనకి తెలియకపోయినా, ఎడమ నుంచి జర్రున జారే ఆ ఆకారం ఈ పనిలో ఉన్న ప్రతివాడికీ తెలుసు.

పాత పెట్టెల్లో ఇంకో మోసం ఉంటుంది. గెయిన్ దశ తర్వాత లో పాస్ ఫిల్టర్, అంటే పై ఫ్రీక్వెన్సీల్ని ఆపేది, ఉంటుంది. తెగడం ఫిల్టర్‌కి ముందే జరిగిపోతే, ఫిల్టర్ ఆ మొనలన్నీ చక్కగా నునుపు చేసి బయటికి పంపిస్తుంది. మీరు అవుట్‌పుట్‌ని ఆసిల్లోస్కోప్ మీద చూస్తే 2 వోల్టుల అందమైన వేవ్‌ఫామ్ కనిపిస్తుంది, ఎక్కడా తెగినట్టు ఉండదు. అందుకే కొత్తది కొనేటప్పుడు నేను మొదట అడిగే ప్రశ్న ఒకటే: ఓవర్‌లోడ్ లైట్ ఫిల్టర్‌కి ముందు చూస్తుందా, తర్వాత చూస్తుందా? తర్వాత మాత్రమే చూసేదైతే ఆ లైట్ ఉన్నా లేనట్టే. సేల్స్‌మన్‌కి ఈ ప్రశ్న అర్థం కాకపోతే సర్క్యూట్ బ్లాక్ డయాగ్రమ్ అడిగి తీసుకోండి.

మీ కార్డు 16 బిట్, ప్లస్ మైనస్ 5 వోల్టులది అని రాశారు. ఒక్కో మెట్టు 0.15 మిల్లీవోల్ట్. గెయిన్ 1 పెట్టినా మీ 3.4 మిల్లీవోల్టులకి ఇరవై పైచిలుకు మెట్లు వస్తాయి, చూడటానికి సరిపోతుంది. గెయిన్ 10 పెడితే 3 జి పీక్ కూడా 3 వోల్టుల్లో ఇమిడిపోతుంది, మెట్లు రెండొందలు దాటతాయి. మీకు కావాల్సింది అదే, 10. అదే 24 బిట్ కార్డు అయితే గెయిన్ 1లో వదిలెయ్యమనేవాణ్ణి.

గెయిన్ తగ్గించినా కొండ పోకపోతే? అప్పుడు సెన్సర్ దగ్గరే తెగుతోందేమో చూడాలి. బయాస్ 11 వోల్టులంటే అటు ఇటు 5 వోల్టులే ఊగగలదు, అంటే 50 జి. మామూలు ఫ్యాన్‌లో అంత రాదు. కానీ పంపుల్లో కేవిటేషన్ (ద్రవంలో బుడగలు పుట్టి పేలడం) ఉన్నా, పక్కన స్టీమ్ లీకవుతున్నా సెన్సర్ సొంత రెజొనెన్స్, 25 వేల హెర్ట్జ్ ప్రాంతంలోది, మోగిపోతుంది. మీ స్పెక్ట్రమ్ 1000 దాకానే చూస్తుంది కాబట్టి అది మీకు కనపడదు. దానికి ఎంత ఖరీదైన ఆంప్లిఫయర్ కొన్నా లాభం లేదు, జికి 10 మిల్లీవోల్టుల సెన్సర్‌కి మారాల్సిందే. మీ ఫ్యాన్‌కి మాత్రం ఈ బాధ ఉండదనుకుంటున్నాను.

ఇంకో రెండు చిన్న కారణాలు. మాగ్నెట్‌ని హౌసింగ్ మీద టప్‌మని వదిలి వెంటనే రీడింగ్ తీసుకుంటే ఆ దెబ్బ కాసేపు సర్క్యూట్‌లో తిరుగుతూనే ఉంటుంది. ఒక అంచు ముందు ఆనించి మెల్లగా ఒరిగించండి, తర్వాత పది సెకన్లు ఆగండి. కండిషనర్ ఆన్ చేసినప్పుడు కూడా టైమ్ కాన్‌స్టంట్‌కి (సర్క్యూట్ ఎంత త్వరగా సర్దుకుంటుందో చెప్పే సమయం) అయిదు రెట్లు ఆగాలి. రెండోది, చల్లగా ఉన్న సెన్సర్‌ని వేడి హౌసింగ్ మీద పెడితే అది సర్దుకునే దాకా అవుట్‌పుట్ జారుతూ ఉంటుంది. హై పాస్ ఫిల్టర్, అంటే కింది ఫ్రీక్వెన్సీల్ని కోసేది, ఉంటే ఇవన్నీ చాలావరకు తగ్గుతాయి, కానీ అది ఇంటిగ్రేషన్‌కి, అంటే వెలాసిటీగా మార్చడానికి, ముందు ఉండాలి. 600 ఆర్‌పీఎం పైన తిరిగే యంత్రాలకి ఐఎస్ఓ 10816 లెక్క 10 నుంచి 1000 హెర్ట్జ్, అంతకన్నా నెమ్మదివైతే 2 నుంచి మొదలు. 2022లో మూడో భాగం స్థానంలో 20816-3 వచ్చింది. మీ చేతి మీటర్ 10 కింద అంతా కోసేస్తుంది కాబట్టే దానికి కొండ కనపడలేదు.

50 దగ్గర సూది సంగతి. దీన్ని చూడగానే అందరూ ఎర్తింగ్ అనేస్తారు. సగం సార్లు కరెక్టే. మీ కేసులో మాత్రం ఒక తిరకాసు ఉంది: 16.5కి మూడు రెట్లు 49.5. షాఫ్ట్ అలైన్‌మెంట్ తప్పినా, బోల్టులు వదులైనా మూడో హార్మోనిక్ లేస్తుంది. మీ స్పెక్ట్రమ్‌లో గీతల మధ్య దూరం 1 హెర్ట్జ్ ఉంటే 49.5నీ 50నీ మీరు విడదీసి చూడలేరు. 200 హెర్ట్జ్ దాకా 1600 లైన్లు పెట్టండి, దూరం 0.125కి దిగుతుంది, ఒక్కో రికార్డుకి 8 సెకన్లు పడుతుంది. పీక్ 49.5 దగ్గర ఉంటే అది యంత్రం మాట, మెకానికల్ వాళ్లని పిలవండి. కచ్చితంగా 50 మీద ఉంటే ఎలక్ట్రికల్. ఫ్యాన్‌కి వీఎఫ్‌డీ (మోటార్ స్పీడ్ మార్చే డ్రైవ్) ఉంటే ఇంకా తేలిక, స్పీడ్ కాస్త తగ్గించండి. స్పీడ్‌తో పాటు కదిలిందా, యంత్రంది. కదలకుండా 50 దగ్గరే కూర్చుందా, మెయిన్స్‌ది. 100 దగ్గర పీక్ కనిపిస్తే మాత్రం తొందరపడి నాయిస్ అని కొట్టెయ్యకండి, మోటార్ స్టేటర్ నిజంగానే మెయిన్స్‌కి రెట్టింపు దగ్గర అదురుతుంది.

ఎర్త్ లూప్ అని తేలితే కారణం సాధారణంగా ఇదే: సెన్సర్ బాడీ ఫ్యాన్ ఫౌండేషన్ దగ్గర ఒకసారి, కండిషనర్ కంట్రోల్ రూమ్‌లో ఇంకోసారి ఎర్త్ అయ్యాయి. ఆ రెండు ఎర్త్‌ల మధ్య కొద్దిపాటి వోల్టేజ్ తేడా ఉన్నా అది మీ షీల్డ్ గుండా పారుతుంది. సెన్సర్ కింద ఇన్సులేటెడ్ బేస్ పెట్టండి, షీల్డ్‌ని ఒక్క చివరే ఎర్త్ చెయ్యండి. అనుమానం తీర్చుకోవడానికి నా బ్యాగులో ఎప్పుడూ ఒక డబ్బా ఉంటుంది, మూడు 9 వోల్టుల బ్యాటరీలు సిరీస్‌లో పెట్టి చేసుకున్న కండిషనర్. దానికి బ్యాటరీ మీద నడిచే లాప్‌టాప్ తగిలిస్తే మెయిన్స్‌తో సంబంధం పూర్తిగా తెగిపోతుంది. 50 మాయమైతే దొంగ దొరికినట్టే.

కేబుల్ పొడవు గురించి మీరు అడగలేదు, కానీ ఫ్యాన్ నుంచి కంట్రోల్ రూమ్‌కి 150 మీటర్లు అన్నారు. మామూలు కోయాక్సియల్ కేబుల్‌కి మీటరుకి 100 పికోఫ్యారడ్‌లు అనుకుంటే మొత్తం 15,000. సెన్సర్ 5 వోల్టుల పీక్‌తో ఊగాలంటే, ఆ కెపాసిటెన్స్‌ని నింపడానికి కరెంటు కావాలి. 2 మిల్లీయాంప్‌లు పెడితే 2100 హెర్ట్జ్ దాకానే పూర్తి ఊపు వస్తుంది. 4 పెడితే 6300 దాటుతుంది. రెట్టింపు చేస్తే మూడు రెట్లు ఎందుకంటే, సెన్సర్ సొంత ఖర్చుకి 1 మిల్లీయాంప్ ముందే పోతుంది, మిగిలిందే కేబుల్‌కి. మీ సిగ్నల్ ఎప్పుడూ 5 వోల్టులకి పోదు కాబట్టి ఇప్పుడేం ప్రమాదం లేదు, కానీ పెట్టె మూత విప్పి కరెంటు జంపర్ ఎక్కడుందో చూసి పెట్టుకోండి. అలాగని 20కి పెట్టకండి, సెన్సర్ ఊరికే వేడెక్కుతుంది.

చార్జ్ ఆంప్లిఫయర్ కొనాలా అని కూడా ఆఖర్లో ఒక మాట అడిగారు. మీ ఫ్యాన్‌కి అక్కర్లేదు. మామూలు ఐఈపీఈ సెన్సర్ 120 డిగ్రీల దాకా తట్టుకుంటుంది, లోపల ఎలక్ట్రానిక్స్ ఉన్నాయి కాబట్టి అంతకు మించి కష్టం. టర్బైన్ కేసింగ్ లాంటి చోట 250 డిగ్రీలు, ఇంకా పైన ఉంటే లోపల ఏ సర్క్యూట్ లేని సెన్సర్ పెట్టి, ఎలక్ట్రానిక్స్‌ని దూరంగా చల్లని చోట ఉంచుతారు. దానికోసమే చార్జ్ ఆంప్లిఫయర్. 1950లో వాల్టర్ కిస్‌లర్ పేటెంట్ తీసుకున్న ఆలోచన ఇది. సెన్సర్ నుంచి వచ్చే చార్జ్ మొత్తాన్ని ఆంప్లిఫయర్ తన ఫీడ్‌బ్యాక్ కెపాసిటర్ మీదకి లాగేసుకుంటుంది. ఆ కెపాసిటర్ 1000 పికోఫ్యారడ్‌లైతే ఒక్కో పికోకూలంబ్‌కి ఒక మిల్లీవోల్ట్ వస్తుంది. మధ్యలో కేబుల్ ఎంత పొడవున్నా గెయిన్ మారదు, నాయిస్ మాత్రం పెరుగుతుంది.

దానితో బతకడం మాత్రం తేలిక కాదు. కేబుల్ ఊగితే చాలు, లోపలి పొరలు రాసుకుని సొంతంగా చార్జ్ పుట్టిస్తాయి. గ్రాఫైట్ పొర ఉన్న లో నాయిస్ కేబుల్ కొనాలి, కొన్నాక కూడా టేపుతో అడుగడుగునా అతికించాలి. తేమ ఇంకో శత్రువు. విశాఖలో ఒక ల్యాబ్‌లో జూలై నెలలో షేకర్ టెస్ట్ (వస్తువుని కావాలని అదిరించి చూసేది) చేస్తుంటే, చార్జ్ చానెల్ ఒకటి పొద్దున్నంతా బాగానే ఉండి మధ్యాహ్నం భోజనమయ్యాక ఒక పక్కకి జారడం మొదలుపెట్టింది. సెన్సర్ మార్చాం, కేబుల్ మార్చాం, చివరికి ఆంప్లిఫయర్ కార్డే మార్చాం. జారుతూనే ఉంది. సాయంత్రం ల్యాబ్ పెద్దాయన వచ్చి కనెక్టర్ విప్పి వెలుతురుకి పెట్టి చూశారు. మధ్య పిన్ చుట్టూ ఉన్న తెల్లటి ఇన్సులేటర్ మీద సన్నగా మెరుస్తున్న జిడ్డు. భోజనం చేసొచ్చిన వేలితో ఎవరో ముట్టుకున్నారు, ఆ జిడ్డుకి గాలిలో తేమ తోడైంది. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి, హెయిర్ డ్రయ్యర్‌తో ఆరబెట్టగానే జారడం ఆగిపోయింది. ఆ వేలు నాదేనేమో అని నాకు ఇప్పటికీ అనుమానమే.

మీరే సొంతంగా తయారు చేసుకోవాలంటే ఐఈపీఈ కండిషనర్ పెద్ద బ్రహ్మవిద్య కాదు. 24 వోల్టుల శుభ్రమైన సప్లై, 1ఎన్5314 లాంటి కరెంట్ రెగ్యులేటర్ డయోడ్ ఒకటి, అది 4.7 మిల్లీయాంప్‌లు ఇస్తుంది. తర్వాత 10 మైక్రోఫ్యారడ్ కెపాసిటర్, దాని వెనక లక్ష ఓముల రెసిస్టర్. కింది కటాఫ్ 0.16 హెర్ట్జ్ వస్తుంది. ఒక్క జాగ్రత్త: ఆన్ చేసిన క్షణంలోనూ సెన్సర్ పీకిన క్షణంలోనూ ఆ కెపాసిటర్ గుండా పది వోల్టులకి పైగా ఒక కుదుపు కార్డులోకి దూకుతుంది, కాబట్టి క్లాంప్ డయోడ్లు (వోల్టేజ్‌ని హద్దు దాటనివ్వనివి) పెట్టకపోతే కార్డు పోవచ్చు. కార్డుకి ముందు యాంటీ ఎలియాసింగ్ ఫిల్టర్, అంటే కార్డు సరిగ్గా పట్టుకోలేని పై ఫ్రీక్వెన్సీల్ని ముందే ఆపేది, కూడా మర్చిపోకండి. సెకనుకి 1000 శాంపిళ్లు తీస్తే 980 హెర్ట్జ్‌లో ఉన్నది మీకు 20గా కనిపిస్తుంది. ఒకసారి అలా దిగిపోయాక ఏ సాఫ్ట్‌వేరూ దాన్ని బయటికి తియ్యలేదు. డెల్టా సిగ్మా రకం 24 బిట్ కార్డుల్లో ఈ ఫిల్టర్ పని చాలావరకు లోపలే అయిపోతుంది, మీ 16 బిట్ కార్డులో బహుశా లేదు.

సొంతది అయినా కొన్నది అయినా మొత్తం చైన్‌ని ఒకసారి చేతి కాలిబ్రేటర్ (తెలిసినంత వైబ్రేషన్ ఇచ్చే చిన్న పరికరం) మీద పెట్టి చూడండి. అవి 159.2 హెర్ట్జ్ దగ్గర ఊగుతాయి. వింత అంకెలా ఉంటుంది గానీ, దాన్ని 6.28తో గుణిస్తే 1000. అందుకే అక్కడ సెకనుకి సెకనుకి 10 మీటర్ల యాక్సిలరేషన్ ఉంటే వెలాసిటీ సరిగ్గా 10 మిల్లీమీటర్లు, కదలిక 10 మైక్రాన్లు. కాలిక్యులేటర్ లేకుండా ఇంటిగ్రేషన్ సరిగ్గా అవుతోందో లేదో అక్కడికక్కడే తెలిసిపోతుంది. మీ సెన్సర్ 102 మిల్లీవోల్టులు ఇవ్వాలి, గెయిన్ 10 అయితే 1.02 వోల్టులు. ప్లాంట్‌లో లేకపోతే దగ్గర్లోని ఎన్ఏబీఎల్ గుర్తింపు ఉన్న ల్యాబ్‌కి పంపొచ్చు.

సరే, రేపటికి పని ఇంతే: గెయిన్ 10కి దించండి, హై పాస్ 10 హెర్ట్జ్‌కి పెట్టండి, 0 నుంచి 200 హెర్ట్జ్‌కి 1600 లైన్లతో ఒక స్పెక్ట్రమ్ తియ్యండి. నాలుగు చానెళ్ల బయాస్ అంకెలూ ఆ స్పెక్ట్రమూ ఇక్కడ పెట్టండి. మూడో చానెల్ జంక్షన్ బాక్స్‌లో నీళ్లు కనపడ్డాయని రాశారు కదా, దాని బయాస్ ఎంతొచ్చిందో ముందు అది చెప్పండి.